చిన్న కిరికిరి

చపాతీ పిండి కలుపుతుంటే మా ఆయన సారంగపాణి వంటింటి గడప దగ్గర నిలబడి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "శోభా, రేపు నువ్వు తొర్రూరు పోవాలె. హారిక అలిగి తల్లిగారింటికి పోయిందట. ఏదో చిన్న కిరికిరి. నువ్వైతేనే మంచిగ సమ్జాయిస్తవ్. పూజను గూడ తీస్కపో."

హారిక మా పెద్ద బావగారి చిన్న కోడలు, పూజ పెద్ద కోడలు. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడ. వరంగల్ చౌరస్తాలో రెండు ఇళ్ళకూ కలిపి ఒక స్టీలు సామాన్ల దుకాణం. మా వైపు ఏ కోడలు పుట్టింటికి వెళ్ళి తిరిగి రాకపోయినా పిలుచుకురావడానికి నన్నే పంపుతారు. నేను చెబితే ఎవరైనా వింటారట. ఇంట్లో ఇంకే సంగతిలోనూ నా మాట చెల్లదు. సోఫా ఏ గోడకు వేయాలో కూడా నన్నడగరు. ఈ ఒక్క పనికి మాత్రం కారిచ్చి, కొత్త చీరా పళ్ళ బుట్టా ఇచ్చి మర్యాదగా సాగనంపుతారు. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉండేది.

దుకాణానికి సరుకు రెండు వారాలు ఆలస్యమైతే మా మగవాళ్ళు "ఇరకాటంల పడ్డం" అంటారు. గోదాములోకి మడమల లోతు వాననీళ్ళొస్తే "పీకల్దాక మునిగినం" అంటారు. ఆ రోజు ఇంట్లో టీవీ పెట్టకూడదు, పిల్లలు గట్టిగా నవ్వకూడదు, పప్పులో ఉప్పు తగ్గకూడదు. చిక్కు, ఉచ్చు, ఊబి, సుడిగుండం, పెద్ద మాటలన్నీ వాళ్ళకే కావాలి. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి అలక, పట్టింపు, కిరికిరి, జర తకలీఫ్. ఒక చీరతో సర్దుకుపోయే మాటలు. ఎవరి బాధకు ఎంత చిన్న మాట సరిపోతుందో వెతికిపెట్టేది నేనే. నా తెలివంతా అందులోనే ఖర్చయిపోయింది.

ఏడేళ్ళ కిందట పూజనూ కేసముద్రం నుంచి నేనే తీసుకొచ్చాను. కూరలో కారం ఎక్కువైందని మొదలుపెట్టి, భర్త రాకేష్ ఆమెతో నలభై రోజులు మాట్లాడలేదు. ఒకే గది, ఒకే మంచం, ఒక్క మాట లేదు. "అలక బిడ్డా, మగపిల్లలకుంటది. నువ్వు నవ్వుకుంట ముందట తిరుగు, కరుగుతడు" అన్నాను. నమ్మి వచ్చింది. మరుసటేడు కూతురు పుట్టింది. ఆ పిల్లకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ రాకేష్ పెళ్ళాంతో మాట్లాడేదంతా పిల్ల ద్వారానే. "మీ అమ్మకు చెప్పు, చాయ్ పెట్టుమని." పూజ పక్కనే నిలబడి ఉంటుంది. గోడ ఇవతల నాకు వినబడుతుంది. నేను మిక్సీ వేసుకుంటాను.

మర్నాడు కారులో పూజ పళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వర్ధన్నపేట దాటాక, "చాయ్ తాగుదామా?" అంటే, "మంచిగనే ఉన్న చిన్నత్తమ్మా" అంది. నేనడిగింది ఒకటి, ఆమె చెప్పింది ఒకటి.

తొర్రూరులో హారిక వెనక వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు నార తీస్తోంది. వాళ్ళమ్మ వరలక్ష్మి నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "కొట్టలేదంటది, తిట్టలేదంటది వదినా. మరి ఎందుకొచ్చిందని నలుగురడిగితే ఏమని చెప్పాలె నేను?"

హారిక దాచలేదు. దుకాణంలో కెమెరాలు పెట్టించినప్పుడు ఒకటి మిగిలితే, ఆమె భర్త సాయికిరణ్ దాన్ని వంటింట్లో బిగించాడు. గ్యాస్ లీకైతే తెలుస్తుందన్నాడు.

"గల్లా మీద కూసోని ఫోన్ల చూస్తడు అత్తమ్మా. పాలు పొంగుతున్నయని ఫోన్. ఎంతసేపు కూసుంటవని ఫోన్. మొన్న అమ్మ యాదికొచ్చి జరంత ఏడ్చిన. అయిదు నిమిషాలల్ల ఫోన్ చేసిండు. గిరాకోళ్ళు గూడ నా ఫోన్ల చూస్తున్నరు, మొకం కడుక్కో అన్నడు." చేతిలో కాయను రెండు ముక్కలు చేసింది. "దీన్ని ఏమంటరో నాకు తెల్వదు. అమ్మ అడుగుతాంది, నాయన అడుగుతాండు. పేరు చెప్తేనే గదా నమ్ముతరు."

నేను నోరు తెరిచేలోపే పూజ ముందుకు జరిగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఫికర్ చేయకు హారికా. అది జాగ్రత్త. నీ మీద పాణం గనుకనే చూస్తాండు. మగపిల్లలకుంటది. నువ్వు నవ్వుకుంట ముందట తిరుగు, కరుగుతడు."

నా మాటలే. నేను సాగదీసే చోటే సాగదీసింది, నేను ఆగే చోటే ఆగింది. మోకాలి మీద చెయ్యి వేయడం కూడా నా దగ్గర నేర్చుకున్నదే. ఆ మాటలు బయటినుంచి వినడం నాకదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయాను.

హారిక పూజ వైపు చూడలేదు. నన్నే చూసింది. "అత్తమ్మా, అక్క గట్లనే నవ్వుకుంట తిరిగింది గదా. అక్క మంచిగున్నదా? మీరు చెప్పున్రి. మంచిగున్నదంటే ఇప్పుడే కారెక్కుత."

ఒక్క అవునంటే చాలు. చీకటి పడకముందే ముగ్గురం వరంగల్‌లో ఉంటాం. ఈ పిల్ల లేకుండా వెళితే, "గీ ఒక్క పని గూడ చేతగాదా నీకు" అంటాడు మా ఆయన. ఆ ఒక్క పనే కదా ఆ ఇంట్లో నాకున్న విలువ. పోతే పోనీ అనుకున్నాను.

"లేదు బిడ్డా" అన్నాను. "మంచిగ లేదు. ఏడేండ్ల సంది మంచిగ లేదు. దాన్ని తీస్కొచ్చింది నేనే. అది అలక గాదని నాకు ఆనాడే తెలుసు. నువ్వు రాకు."

హారిక చాటను పక్కకు తోసి, నా భుజం మీద పడి ఏడ్చింది. వరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళకు ఒక్క మంచి పని చేశానని నాకూ కళ్ళు తడిశాయి. ఆ తడిలోంచే పూజను చూశాను. ఆమె చెయ్యి ఇంకా హారిక మోకాలి మీదే ఉంది. మెల్లగా తీసుకుంది.

"అంటే తెలిసే తీస్కపోయిన్రా, చిన్నత్తమ్మా?" అంది.