నోట్లో నీళ్లు

ట్యూషన్ టీచరు మా మనవరాలి పళ్ల మధ్య పెన్సిలు పెట్టించిన రోజున నేను ఆ గదిలోనే, వెనక బెంచీ చివర కూర్చుని ఉన్నాను. జిరాక్సు కొట్టు మీద మేడగది అది. పద్దెనిమిది మంది పిల్లలు, గోడకో గడియారం, టీచరు మెడలో మరో గడియారం. ఆ మెడలోది ఒకసారి నొక్కితే పరిగెడుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఆవిడ అన్నం కూడా దాన్ని నొక్కే తింటుందని నా అనుమానం.

"పెదాలు కదిలితే పెన్సిలు పడుతుంది. పడిందో, ఇవాళ అందరికంటే ఆఖరున ఇంటికెళ్లేది నువ్వే," అంది టీచరు.

పెన్సిలు పడింది.

"తుమ్మెద! తుమ్మెద!" అంటూ పిల్లలు బెంచీలు చరిచారు. ఆ పేరు పెట్టింది టీచరే. మా పిల్ల చదివేటప్పుడు పెదాలు కదుపుతుంది, సన్నగా ఝుమ్మని చప్పుడూ వస్తుంది. పదేళ్ల పిల్ల తల వంచుకుని పెన్సిలు వెతుక్కుంటుంటే నేను చూడలేకపోయాను. ముందుగా వెళ్లి నేనే తీసుకున్నాను.

"గుర్రానికి కళ్లెం వేసినట్టు ఇదేం చదువమ్మాయ్?"

"అమ్మాయ్ కాదు, టీచర్. మిమ్మల్నిక్కడ కూర్చోనివ్వడమే నేను చేసిన తప్పు మామ్మగారూ."

"చదివితే పెదాలు కదలవూ?"

"పరీక్ష హాల్లో కదలకూడదు. పక్కవాళ్లకి జవాబులు అందిస్తోందని పేపరు లాక్కుంటారు. పోయినేడు నా స్టూడెంటుకే అయింది. పైగా తెలుగు పేపర్లో నలభై నిమిషాల్లో ఆరు పాఠాలు చదవాలి, ముప్పై జవాబుల గుండ్రాలు దిద్దాలి. ఇలా గొణుక్కుంటూ కూర్చుంటే మూడో పాఠంలోనే గంట కొట్టేస్తారు. అయినా ఈ జబ్బు ఎవరంటించారో నాకు తెలుసు లెండి."

అంటించింది నేనే.

నేను బడి మొహం చూడలేదు. నలభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. పెళ్లయి దూరం వెళ్లిన మా చెల్లెలు ఆఖరుసారి రాసిన ఉత్తరం పొరుగింటావిడ చదివిపెట్టింది. రెండు పేజీల ఉత్తరాన్ని నాలుగు ముక్కల్లో తేల్చి, "అంతా కులాసానట" అంది. నెల తిరక్కుండా చెల్లెలు పోయింది. ఆ తరువాత పొట్లం కాగితాలు, దుకాణాల బోర్డులు, మందుసీసాల మీది చీటీలు పట్టుకుని కూడబలుక్కున్నాను. ఆ ఉత్తరం నా అంతట నేను చదవగలిగేసరికి ఏడాది పట్టింది. అందులో "అక్కా, ఒక్కసారి రా" అని మూడు చోట్ల ఉంది.

అప్పటినుంచి నా నోటితో పలికి, నా చెవితో వింటే తప్ప ఏ రాతనూ నమ్మను. నా కూతురు పోయేనాటికి దాని పిల్లకు నాలుగేళ్లు. నా ఒళ్లో కూర్చుని, నా నోరు చూసి చదవడం నేర్చుకుంది.

పిల్ల తండ్రి ఉద్యోగం వేరే ఊళ్లో. "ఈ ఎంట్రన్సు పరీక్షలో నూటికి అరవై దాటితే మీ ఊరి హైస్కూల్లోనే సీటొస్తుంది, మీ దగ్గరే ఉంటుంది. దాటకపోతే ఇక్కడ హాస్టల్లో వేసేస్తానత్తయ్యా," అని ఫోన్లో చెప్పేశాడు. నా చెయ్యి వదిలి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ రాలేదు. అందుకే ట్యూషన్‌కి సైతం వెంటవెళ్లి కాపలా కుక్కలా కూర్చునేదాన్ని.

టీచరు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "పడవలు కట్టే మనిషి గురించి పది వాక్యాలు. పిల్లకి నేర్పినవారు కదా, మీరే చదవండి. పెదాలు కదపకుండా. రెండు నిమిషాలు." గడియారం నొక్కింది.

పెదాలు బిగబట్టాను. ప్రతి అక్షరమూ ఎరిగిన మొహమే. ఒక్కటీ పలకలేదు. కాగితం మీద చీమలు నిలబడ్డట్టు నిలబడ్డాయి. మళ్లీ నొక్కిన చప్పుడైంది.

"పడవకి ఆఖరున ఏ రంగు వేశాడు?"

నాకు తెలియలేదు. పదిహేడు మంది నవ్వారు. మా పిల్ల నవ్వలేదు. దాని చెవులు ఎర్రబడ్డాయి.

"చూశారా? నోరు కట్టేస్తే మీకు చదువే లేదు."

"ఆ గడియారం లాక్కుంటే నీకు నోరే లేదు! మా పిల్లకి నేనే నేర్పుకుంటాను, నీ పెన్సిలు నువ్వే నములుకో," అని పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

సగం మెట్లలోనే తెలిసింది, ఆవిడ చెప్పింది నిజమని. గిట్టని మనిషి నోట నిజం వినడమంత కడుపుమంట మరొకటి లేదు.

ఎలా నేర్పాలో తోచక రెండు రోజులు ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. అందరూ అంటే అదొక్కత్తే. మూడో రోజు పొద్దున, "పలకవేమే, నోట్లో నీళ్లు పోసుకున్నావా?" అని కసిరాను. కసిరిన మాట నా చెవిన పడగానే లేచి వెళ్లి రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చాను.

రోజూ పొద్దున్నే పక్కపక్కన కూర్చునేవాళ్లం. ఒకటే పేజీ. చెరొక గుక్క పట్టి, మింగకుండా చదవాలి. మొదటిరోజు అది నా మొహం చూసి పకపకా నవ్వింది, పుస్తకమంతా తడిసింది. పదిరోజులకి పేజీ పూర్తిచేసి, సింకులో ఉమ్మి వచ్చి, కథ గడగడా చెప్పేసింది. నేను మాత్రం రెండో వాక్యంలోనే మింగేసేదాన్ని.

"అమ్మమ్మా, నువ్వు చదవడానికొస్తున్నావా, దాహం తీర్చుకోడానికొస్తున్నావా?"

"నోర్ముయ్," అన్నాను. అదేగా నేర్పుతున్నది.

పరీక్షనాడు గేటు దగ్గర టీచరు కనబడింది.

"ఇంట్లో పెన్సిలు పట్టించారా?"

"పొయ్యిలో పెట్టించాను."

"అరవై రాకపోతే నన్ననకండి మరి."

"వస్తే మాత్రం నీ గొప్పేనా?"

గేటు ఊచల్లోంచి హాలు కిటికీ కనబడుతుంది. రెండో వరుసలో మా పిల్ల. పెదాలు కదలడం లేదు. బుగ్గలు మాత్రం కొంచెం ఉబ్బి ఉన్నాయి, లేని నీళ్లు పట్టుకున్నట్టు. కాపలా మాస్టారు దాని దగ్గర ఒక క్షణం ఆగాడు. నేను ఊచల మధ్యకి మొహం దూర్చాను. ఆయన ముందుకు వెళ్లిపోయాడు.

డెబ్బై నాలుగు వచ్చాయి. టీచరు ఆ మార్కుల కాగితాన్ని మెట్ల గోడకు అంటించి, పైన "మా పెన్సిలు పద్ధతి" అని రాసుకుంది. ఏడవనీ అనుకున్నాను. అల్లుడు ఫోన్లో, "సరే అత్తయ్యా, అక్కడే ఉండనివ్వండి," అన్నాడు. ఆ పూట రెండుసార్లు అన్నం తిన్నాను.

ఇదివరకు నేను వంటింట్లో కూరలు తరుగుతుంటే అది ముందు గదిలో చదివేది. కథ ఎక్కడిదాకా వచ్చిందో ఝుమ్మనే చప్పుడే చెప్పేది. ఇద్దరం ఒకేచోట నవ్వేవాళ్లం. ఇప్పుడు ముందు గదిలో చప్పుడు లేదు. పిల్ల ఉందా లేదా అని పదినిమిషాలకోసారి కత్తి కింద పెట్టి వెళ్లి చూస్తున్నాను.

"ఎక్కడిదాకా వచ్చావే?"

"అయిపోయింది."

"ఎప్పుడు?"

"ఇందాకే."

ఒకరోజు దాని పక్కనే కూర్చుని నా పుస్తకం తెరిచి, అలవాటు చొప్పున మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు కాకుండానే, "అమ్మమ్మా, మనసులో చదువుకోవూ. నాకు వినబడుతోంది," అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. పుస్తకం తీసుకుని పక్కగదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు దాన్ని బడిలో దింపి, ఒక్కదాన్నే మేడ మెట్లెక్కాను. బెంచీలు ఖాళీగా ఉన్నాయి. టీచరు కాగితాలు దిద్దుకుంటోంది.

"ఏం మామ్మగారూ, తిట్లేమైనా మిగిలిపోయాయా?"

"చాలానే ఉన్నాయి టీచర్. అవి తరువాత. ముందు ఆ పెన్సిలివ్వు."

"ఎవరికి?"

"నీళ్లు నాకు పనిచెయ్యలేదు."

ఆవిడ నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. వెక్కిరించడానికి వచ్చానేమోనని అనుమానం కాబోలు. తరువాత డబ్బాలోంచి కొత్త పెన్సిలు తీసింది. బీరువాలోంచి పడవ మనిషి కాగితం కూడా తీసింది.

"పెద్దవారని ఎక్కువ టైమివ్వను. రెండే నిమిషాలు."

"నిన్నెవరడిగారు?" అని, పెన్సిలు పళ్ల మధ్య పెట్టుకున్నాను. చెక్క చేదుగా ఉంది.

ఆవిడ మెడలో గడియారం నొక్కింది.