చాటింపుకు ముందు పాలు

మంగళవారం పాలు పొంగించకూడదంటారు, ఎవరు పెట్టిన నియమమో తెలియదు, అమ్మ చెప్పింది, అమ్మకు వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది, అందుకే శుక్రవారం పొంగించుకుందువులే అని నిన్న మా పక్క వాటాలోకి కొత్తగా బాడుగకు దిగిన రాజశ్రీకి నేనే చెప్పాను, పాపం ఆ అమ్మాయి పొయ్యి ముట్టించకుండా పిల్లలకు హోటలు ఇడ్లీలు పెడుతోంది, కానీ ఈ మంగళవారం రాత్రికే గంగమ్మ జాతర చాటింపు, ఆ సంగతి నాకెలా గుర్తు లేకపోయిందో, చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు రాత్రిపూట పొలిమేర బయట ఉండకూడదు, బయటివాళ్ళు ఊళ్ళో పడుకోకూడదు, పక్కింటి మునిలక్ష్మి గోడ మీదినుంచి తొంగి చూసి అదే అడిగింది, ఏమ్మే పంకజాక్షీ, మీ కొత్త బాడుగోళ్ళు మనూరోళ్ళా బయటోళ్ళా అని, నవ్వుతూనే అడిగింది, రాజశ్రీ వింది.

విని నా దగ్గరికొచ్చి, పొమ్మంటే పోతామక్కా, యాడికి పోవల్లనేదే తెలీలేదు అంది, రాయచోటి పక్క వాళ్ళ పల్లెలో బోరు ఎండిపోతే ఆవులను అమ్మి, ఇంటికి తాళం వేసి వచ్చారు, మొగుడు మునికుమార్‌కు ఇక్కడి సత్రంలో వంటపని దొరికింది, జిల్లా దాటి వచ్చింది బతకడానికే కదా, అయినా ఇదేం తీరో నాకు అంతుపట్టదు, ఆ వాటాలోనే మొన్నటిదాకా మా మరిది యోగానంద ఉన్నాడు, నూనె మిల్లు మూతపడితే, ఈ ఊళ్ళో ఇంక జరగదు వదినా అని పెళ్ళాం బిడ్డలతో హోసూరు పోయాడు, అతనికి కూడు పెట్టలేని ఊరు వీళ్ళకు పెడుతుందా, గంగమ్మ తల్లీ, ఎవరిని చూసి పొమ్మంటావు, ఎవరిని చూసి రమ్మంటావు, ఇలా అడగడం తప్పేమోనని చెంపలు వేసుకున్నాను, వేసుకున్నా ప్రశ్న పోలేదు, తోడికోడలు స్రవంతి గడపకు పెట్టిపోయిన పసుపు ఇంకా వెలిసిపోలేదు, దాని పక్కనే రాజశ్రీ విప్పని మూటలు, వాటి మీద నిద్రపోతున్న చిన్నది.

మా అత్త దేవకమ్మ వాకిట్లో వేపమండలు కడుతూ అన్నీ వింటోంది, నియమాల్లో ఆమె అంత గట్టి మనిషి మా వీధిలో లేదు, పంపించేయమంటుందని నాకు గుబులు, పాలు ఇప్పుడే పొంగిస్తే ఎట్లుంటుందత్తా, మంగళవారం కదా అని నసిగాను, ఆమె తలెత్తకుండా, మంగళారం గంగమ్మది కాదా ఏం, పొయ్యి ముట్టించమను, ఈడ పొయ్యి రాజుకుంటే ఆమె ఈ ఊరిదే, రేపు తల్లికి అంబలి గూడా పొయ్యమను అంది, ఎంత సులువుగా అందో, రాజశ్రీ పరుగున పోయి మూట విప్పి గిన్నె తీసింది, పాలు తూర్పు పక్కకు పొంగాయి, నాకు నవ్వొచ్చింది, సంతోషం పట్టలేక, యోగానందకు గూడా ఫోను చేసి జాతరకు రమ్మందామత్తా అన్నాను.

వచ్చి మొక్కుకోని పొద్దుగూకేలోగా పోవల్ల, వాని పొయ్యి ఆడుండాది కదమ్మే, అంది అత్త, గొంతు మామూలుగానే ఉంది, మండ కడుతున్న చేయి మాత్రం కాసేపు ఆగి మళ్ళీ కదిలింది, ఆ ఆగడం చూశాకే నాకు తెలిసింది, రాజశ్రీని పొయ్యి ముట్టించమన్నప్పుడే అత్త తన కొడుకును ఊరు దాటించింది, ఇక యోగానంద మా ఇంటికి వచ్చిపోయే చుట్టం.