కదలకు

బూట్లలో ఎండుగడ్డి కూరుతున్నాను. మా తోలు బూట్లకి గడ్డే మేజోడు. అది సరిగ్గా కుదరకపోతే అతిథుల కాలివేళ్లు కొయ్యబారిపోతాయి, ఆ మాట మళ్లీ నాకే వస్తుంది. పొయ్యి మీద రెయిన్‌డీర్ మాంసం పులుసు ఉడుకుతోంది. గుమ్మంలోంచి ఆంతే కేక.

"మారెత్, ఇంకా కాలేదా? ఆకాశం నీకోసం ఆగుతుందనుకుంటున్నావా?"

ఆంతే నా మొగుడు. శీతాకాలమంతా దూరదేశాల వాళ్లని గడ్డకట్టిన సరస్సు మీదికి తీసుకెళ్లి ధ్రువకాంతుల ఫోటోలు తీయడం నేర్పుతాడు. వంట నాది. మంచులో బండి దిగబడితే తోయడం నాది. చివరికి మా వాళ్ల పండగ అంగీ, ఎర్ర గాక్తి తొడుక్కుని, దానిమీద వెండి బిళ్లలు పెట్టుకుని, ఆ వెలుగుల ముందు నిలబడటమూ నాదే. మనిషి ఉంటేనే ఆకాశం ఎంత పెద్దదో తెలుస్తుందట. కెమెరా కన్ను తెరుచుకుని ఉన్నంతసేపూ బొమ్మలా ఉండాలి, కదిలితే చెదిరిపోతాను. "కదలకు" అని పెళ్లయిన కొత్తలో ముద్దుగా అనేవాడు. ఇప్పుడు కుక్కకి చెప్పినట్టు చెబుతున్నాడు. ఈమధ్య ఆ మాట వినగానే అరికాళ్లలో జెర్రులు పాకినట్టుంటోంది.

మా అత్త రిస్తెన్‌ది ఇంకో మాట. "వెలుగుల కింద నోరు మూసుకుని ఉండాలమ్మాయ్. ఈల వేశావో, దిగొచ్చి ఎత్తుకుపోతాయి." ఆవిడ కొడుకు మాత్రం వాటి కిందే అరుస్తాడు, జోకులేస్తాడు. మరి ఆయన్నెందుకు ఎత్తుకుపోవని అడిగితే, "వాడు మగాడు కదే" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం భోజనాలు కాగానే చీకటిపడే రోజులు. సరస్సు మీద అతిథులు కెమెరాల కాళ్లు పాతుతున్నారు. కాఫీ అందుకుంటూ ఒకావిడ నన్ను అడిగింది. "మీవారు ఫోటోలు తీస్తారు, మరి మీరేం చేస్తారు?"

నేను నోరు తెరిచేలోపే ఆంతే అందుకున్నాడు. "ఆవిడా? ఊరికే నిలబడుతుందండీ! అంతకన్నా హాయైన ఉద్యోగం ఉందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మీద నాకే అసహ్యం వేసింది. ఆవిడొక్కతే నవ్వలేదు. "ఇన్నేళ్లుగా చూస్తున్నారు కదా, మీకు ఏ రంగు ఇష్టం?" అంది మెల్లగా.

చిన్నప్పుడు వెలుగులు లేవగానే మా అమ్మ నా తలమీద శాలువా కప్పి లోపలికి లాక్కుపోయేది. పెళ్లయ్యాక వాటికి వీపు పెట్టి, కెమెరాకి మొహం పెట్టి నిలబడుతున్నాను. ఆంతే కళ్లద్దాల మీద పాకే పచ్చటి మరక తప్ప నేను తీరిగ్గా చూసిందేముంది? కోట్లమంది చూడాలని కలలుగనే ఆకాశం నా వెనకే ఉంది, ఎప్పుడూ నా వెనకే.

"నిలబడు!" అన్నాడు ఆంతే. వెళ్లి నిలబడ్డాను. కళ్లద్దాల్లో మరక ఊగడం మొదలెట్టింది. "అబ్బా, చూడండి! మారెత్, కదలకు!"

వెనక్కి తిరిగాను.

ఎంత పెద్దదో! పచ్చదనం చివర గులాబీ రంగుంటుందని నాకెవరూ చెప్పలేదు.

"ఏయ్, మతిపోయిందా? అందరి ఫోటోలూ పాడుచేశావ్! ఇటు తిరుగు!"

ఎత్తుకుపోతే పోనీ అనుకుని, పెదాలు తడి చేసుకుని, ఈల వేశాను.