పరీక్షకు రాని అధ్యాయం

నేను ఒక అనాటమీ పుస్తకాన్ని. చేతిసంచిలో పట్టే సైజే అయినా మనిషి ఒంట్లోని ప్రతి గొట్టం, ప్రతి గడ్డ నాలో ఉంది. వాటి మీద నాకు ఏ అసహ్యమూ లేదు. నా అసహ్యమంతా ఆ ఒళ్లేసుకుని తిరిగే మనుషుల మీదే.

కాకినాడలో ముగ్గురు వైద్య విద్యార్థుల చేతులు మారాను. ఒకడు వేలికి ఉమ్మి రాసి పేజీ తిప్పేవాడు. ఇంకొకడు నా గుండె బొమ్మ మీద మిరపకాయ బజ్జీ పెట్టుకుని తిన్నాడు. థూ! లింఫ్ నాళాల అధ్యాయం మీద మొదటివాడు "పరీక్షకు రాదు" అని రాస్తే, తర్వాతి ఇద్దరూ దాని కింద గీతలు గీశారు. ఒంట్లో మిగిలిన నీరు మళ్లీ రక్తంలోకి ఏ దారిన పోతుందో ఎవడికి కావాలి? మార్కులొస్తే చాలు.

పాత పుస్తకాల కొట్టులో నన్ను వీరవేణి కొంది. వాళ్లమ్మ మంగాయమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో కుడి చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశారు. అప్పట్నుంచి నీరు చేరి ఆ చెయ్యి ఉబ్బిపోయి గుప్పిట పడటం లేదు. ఆ నీటిని చేత్తో దారి మళ్లించే విద్య విశాఖలో నేర్పుతారు. అనాటమీ చదువుకుని రమ్మన్నారు. ఆ అధ్యాయంలో అంటుకుపోయిన నా పేజీలు విడదీసి చదివిన మొదటి మనిషి ఆ పిల్లే.

పక్కనే వాళ్ల దొడ్డమ్మ సూరమ్మ, వేడి నువ్వులనూనె పోసి ఆ చేతిని చపాతీ పిండిలా పిసికేది. "గట్టిగా పిసికితేగాని నీరు దిగదే!" అనేది. నూనె చుక్కలు నా మీద కూడా. ఛీ! మంగాయమ్మ పంటిబిగువున ఓర్చుకుంది. మూడోనాటికి చెయ్యి ఎర్రబడి జ్వరం ముంచుకొచ్చింది.

ఆసుపత్రి మందులతో జ్వరం తగ్గాక వీరవేణి అడ్డం నిలబడింది.

"దొడ్డా, నీకు దణ్ణం పెడతాను, ఆ చెయ్యి ముట్టుకోకు. ఈ నాళాలు చర్మం కిందే ఉంటాయి, సాలెపోగంత సన్నంగా. నొక్కితే నలిగిపోతాయి."

"నాలుగు పేజీలు చదివి నాకే చెప్తావేంటే!" అని సూరమ్మ మూతి తిప్పుకుంది.

వీరవేణి విశాఖ వెళ్లి నేర్చుకుని వచ్చింది. ముందు మెడ దగ్గర, తర్వాత గ్రంథులు మిగిలున్న ఎడమ చంక వైపు, చెయ్యి ఆఖర్న. "ఇదేం మర్దనే, ఈగ వాలినట్టుంది," అని మంగాయమ్మ నవ్వింది. రోజూ అంతే, ఆపైన కట్టు.

ఓ పొద్దున వంటింటి గట్టు మీద బొద్దింక కనబడింది. మంగాయమ్మ అందుబాటులో ఉన్న నన్ను కుడిచేత్తో ఒడిసిపట్టి ఫట్టుమని దాని మీద వేసింది. నా అట్ట నిండా బొద్దింక పేగులు! ఛీ, ఛీ, ఛీ! తుడుస్తుందేమోనని వీరవేణి వైపు చూశాను. ఆమె నా మొహం కూడా చూడలేదు.

"అమ్మా, ఏదీ, మళ్లీ పట్టుకో!" అంటూ ఏడుస్తోంది.