కత్తెర మావయ్య మోకాలు

వీధివాళ్లంతా ఆయన్ని కత్తెర మావయ్య అనేవారు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు మళ్లీ దించేదాకా సెలూన్ కుర్చీ చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు. ఏళ్ల తరబడి నిలబడి కుడి మోకాలు అరిగిపోయింది. నొప్పిని పంటిబిగువున ఓర్చుకునేవాడు. కానీ ఒకరోజు గడ్డం గీస్తుండగా మోకాలు పట్టేసి, వంగక సాగక, చేతిలో కత్తితో అలాగే కొయ్యబారిపోయాడు. ఆయనకంటే కుర్చీలో ఉన్నవాడే ఎక్కువ హడలిపోయాడు.

డాక్టరమ్మ స్కాన్ చూసి దాపరికం లేకుండా చెప్పింది.

"ఎముకల మధ్య మెత్తటి పొర అరిగి, ఒక ముక్క ఊడి అడ్డం పడుతోంది. చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ తీసేస్తాను. గాయాలు మానాక కీలులోకి జెల్ ఇంజక్షన్ ఇస్తాను. పట్టేయడం పోతుంది. అరుగుదల మాత్రం పోదు. నొప్పి ఎంత తగ్గుతుందో ఇప్పుడే మాటివ్వలేను."

"మోకాలే మార్చేస్తే పోలా?"

"అంతదాకా రాలేదు లెండి."

ఆపరేషన్ రోజున నడుముకు మత్తిచ్చారు కాబట్టి ఆయన మెలకువగానే ఉన్నాడు. తెరమీద తన మోకాలి లోపల పీచుపీచుగా రేగిన పోగులు కనిపించాయి. వాటిని పరికరం కత్తిరిస్తుంటే, "అంచు సమంగా రానివ్వండమ్మా" అని నోరు జారాడు. మాస్కు వెనక డాక్టరమ్మ నవ్వింది.

అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలైంది. చెప్పిన వ్యాయామం చేయాలి, కాస్త నడవాలి, ఎక్కువసేపు నిలబడకూడదు. ఆయనేమో కాలుగాలిన పిల్లిలా మంచానికీ కిటికీకీ మధ్య తిరిగాడు. సెలూన్ కింది వాటాలోనే. అక్కణ్ణించి, తన బదులు కొట్టు చూస్తున్న బావమరిది కబుర్లూ, వచ్చినవాళ్ల నవ్వులూ వినిపిస్తున్నాయి.

"మీ తమ్ముడు పక్కలు మరీ పొట్టిగా తీస్తున్నాడేమో."

"ఇక్కణ్ణించి కనబడుతోందా మీకు?" అంది భార్య.

ఆమె స్నానానికి వెళ్లిన అదను చూసి కర్ర పట్టుకుని దిగాడు. బావమరిది టీకి వెళ్లాడు. ఎవరో కూర్చుని ఉన్నారు. ఒక్కరికేగా అనుకుని కత్తెర తీశాడు. ఆ తర్వాత ఇంకొకరు. సాయంత్రానికి మోకాలు సొరకాయలా ఉబ్బింది.

డాక్టరమ్మ చీము పట్టలేదని చూసుకుని, సూదితో నీరు లాగేసింది.

"ఇంజక్షన్ ఇప్పుడు కాదు. ముందు ఈ వాపు తగ్గాలి. ఈసారి మాట వింటారా?"

ఆయన తలూపాడు. తిరుగుదారిలో భార్య మెల్లగా అడిగింది. "ఎవరు తరుముతున్నారండీ మిమ్మల్ని?"

ఆయన గొణిగాడు. "నేను లేకపోయినా కొట్టు నడుస్తోందే."

"నడవకపోతే ఏం తినేవాళ్లం?"



వాపు తగ్గాక ఇంజక్షన్ పడింది. తర్వాత మోకాలు మళ్లీ పట్టేయలేదు. మెట్లెక్కేటప్పుడు కలుక్కుమనడం మిగిలింది గానీ, పొద్దున్నే గోడ పట్టుకుని లేవాల్సిన అవస్థ తప్పింది.

సెలూన్‌కి తిరిగి వెళ్లిన రోజు బావమరిది చక్రాల స్టూలు ముందుకు తోశాడు. "కూర్చుని చెయ్యి బావా. కుర్చీ నేను దించి పెడతాలే."

"కూర్చుని చేస్తే జనం ఏమనుకుంటారు?"

"మావయ్య వచ్చాడనుకుంటారు."

మొహం ముడుచుకునే కూర్చున్నాడు. మొదటి తలకి చేయి తడబడింది. కాసేపటికి మంచికాలితో నేలను తన్నుతూ కుర్చీ చుట్టూ అటూ ఇటూ దొర్లసాగాడు. బావమరిది కాలిమీదికి చక్రం ఎక్కించి, "అడ్డం తప్పుకోరా" అన్నాడు.