వానల నెలల ఉప్పు

మా సముద్ర పరిశోధన కేంద్రంలో పడవకు ఏటా నాలుగు నెలలు సెలవు. మాకు పదిహేను రోజులే. వానలు మొదలవగానే దాన్ని ఒడ్డుకు లాగి, దుంగల మీద బోర్లించి రంగు వేస్తారు. నాలుగు నెలల పాటు వేస్తారు. పడవ పొడవు ఇరవై అడుగులు.

అసలు సంగతి అందరికీ తెలుసు. నది పొంగే రోజుల్లో అది సముద్రంలో కలిసేచోట అలలు ఎగిరిపడతాయి, మా డైరెక్టరుగారికి కడుపులో తిప్పుతుంది. ఆయన ఎక్కకుండా పడవ కదలకూడదన్న నియమం పెట్టింది ఆయనే. అంచేత నది తన సత్తా చూపించే నాలుగు నెలలూ మేం నీళ్ళ మొహం చూడం. నది ఎండి పిల్లకాలువ అయ్యాక మాత్రం బుద్ధిగా నెలకోసారి వెళ్ళి సీసాలు నింపుకొస్తాం. సీసాల్లో నీళ్ళు ఎప్పుడూ ఉప్పగానే ఉంటాయి. దాన్నిబట్టి డైరెక్టరుగారు ఒక సిద్ధాంతం కనిపెట్టారు: సముద్రం నదిని లెక్కచెయ్యదు. ఆ మాట మీద మూడువందల పేజీల పుస్తకం కూడా రాశారు. ప్రయోగశాలలో నా బల్లకు ఒక కాలు పొట్టి. పుస్తకం దాని కింద చక్కగా సరిపోయింది.

మరి పట్టికలో ఆ నాలుగు నెలల గళ్ళ మాటేమిటి? ఖాళీ గడి ఉండకూడదు, చూసేవాళ్ళకు అసహ్యంగా ఉంటుంది అంటారాయన. మిగతా ఎనిమిది నెలల సగటు తీసి అందులో వెయ్యడం మా పద్ధతి. వెయ్యి పాళ్ళ నీళ్ళలో ముప్పైమూడు పాళ్ళు ఉప్పు. వేసేది నేనే. పదకొండేళ్ళుగా, ముత్యాల్లాంటి అక్షరాలతో, కింద నా సంతకంతో.

నీళ్ళ చేత అబద్ధం ఆడించవచ్చు గానీ బురద చేత ఆడించలేం. నది తెచ్చే సన్న మట్టి ఉప్పునీళ్ళు తగలగానే, నిమ్మరసం పడ్డ పాలలా విరిగి, ముద్దకట్టి అడుక్కి దిగుతుంది. నది పొంగిన ప్రతి ఏడూ ఒక పొర. సముద్రం అడుగున పైపు గుచ్చి తీస్తే నల్ల బురద మధ్య ఎర్రటి చారలు వరసగా కనిపించేవి, తీరానికి పదిహేను కిలోమీటర్ల అవతల కూడా. మొదటిసారి చూపించినప్పుడు డైరెక్టరుగారు, "ఇనప పైపు కదమ్మా, తుప్పు," అన్నారు. మరుసటి ఏడు పట్టుబట్టి ప్లాస్టిక్ పైపు తెప్పించాను. చారలు మళ్ళీ వచ్చాయి.

"ప్లాస్టిక్‌కి కూడా తుప్పు పడుతుందా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ చుట్టుపక్కల ఎవరో పాత ఇనుము పారేసి ఉంటారమ్మా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళను చాలామందిని చూశాను. నాలుగో కాలు చూపిస్తే, అది పక్క కుందేలుది అనగలిగిన మనిషి మా డైరెక్టరుగారు ఒక్కరే. ఆ మాట ఇంటికెళ్ళి చెప్పి అందర్నీ నవ్వించి ఊరుకున్నాను. అప్పటికి ఆ పట్టిక వల్ల ఎవరి కొంపా మునగలేదు.

తర్వాత ఆలుచిప్పల పెంపకానికి తీరంలో చోట్లు కేటాయించారు. ఏడాది పొడవునా ఉప్పు మారని చోటు కావాలన్నారు. మా పట్టిక చూసి, సరిగ్గా నదికి ఎదురుగా నలభై తెప్పలకు చోటిచ్చారు. అందులో ఒకటి మా అక్కాబావలది. వాళ్ళ పక్క తెప్ప పీతల బాబాయిది. మాకు చుట్టమేమీ కాదు, పూర్వం పీతలు పట్టేవాడు కాబట్టి ఊరందరికీ పీతల బాబాయే.

మొదటి రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. నది వచ్చీరానట్టు వచ్చింది. అది మోసుకొచ్చిన కాస్త సారానికే నీళ్ళలో కంటికి కనిపించని నాచు పెరిగి, అది తిని ఆలుచిప్పలు బొద్దుగా తయారయ్యాయి. "చూశారా, అంతా సముద్రం చలవ," అన్నారు డైరెక్టరుగారు.

ఈ ఏడు ఎగువన ఆనకట్ట తలుపులన్నీ ఎత్తేశారని వార్త వచ్చింది. ఆ నీళ్ళు మా దాకా చేరడానికి నాలుగు రోజులు. మంచినీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళ మీద తేలతాయి. ఆలుచిప్పలు పట్టిన తాళ్ళు తెప్పల కింద ఆ పైనీళ్ళలోనే వేలాడతాయి. ఆలుచిప్ప కొన్నాళ్ళు మూతి బిగించుకుని ఓర్చుకుంటుంది, ఆ తర్వాత చస్తుంది. తాళ్ళను రెండు బారలు కిందికి, అడుగు బురద తగలకుండా దించితే చాలు, అక్కడి ఉప్పు పెద్దగా మారదు. ఆ సంగతే అర పేజీ హెచ్చరికగా రాసి, సంతకం కోసం డైరెక్టరుగారి గదికి పట్టుకెళ్ళాను.

ఆయన చదివి, కాగితాన్ని తిప్పి, వెనకాల ఏమీ లేదని నిర్ధారించుకున్నారు.

"మన పట్టికలో ఈ నెల ఉప్పెంత?"

"ముప్పైమూడు సార్."

"మరి మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయమ్మా?"

"నదిలోంచి సార్."

"పట్టిక రాసిందెవరు?"

"నేనే సార్."

"అంటే నువ్వు పదకొండేళ్ళుగా తప్పు రాస్తున్నావన్నమాట. ఆ మాట పైకి రాసి పంపమంటావా?"

ఎంత మెత్తగా అడిగారంటే, నా కాగితం నేనే మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చాను.

ఆ సాయంత్రం అక్క ఇంటికెళ్ళాను. అక్కా బావా గుమ్మంలో కూర్చుని కొత్త తాడుకు ముడులేస్తున్నారు. చెప్పాల్సింది గబగబా చెప్పేశాను. అక్క నవ్వింది.

"పొద్దున్నే ఎవరి మొహం చూశావే? అటు చూడు."

గోడకు అద్దం కట్టించిన నా పట్టిక.

"ఏడో నెల ముప్పైమూడు. ఎనిమిదో నెల ముప్పైమూడు. నీ చేతిరాతేగా? ఇంటికొచ్చినవాళ్ళందరికీ మా చెల్లెలు రాసిందని చూపిస్తుంటాను."

"ఆ నెలలు నేను కొలవలేదక్కా."

"ఏ ఏడాది?"

"ఏ ఏడాదీ."

బావ చేతిలో తాడు కింద పెట్టాడు. అక్క నవ్వు ఆగిపోయింది.

"కొలవకుండా ఎలా రాశావే?"

"మిగతా నెలలవి కూడి, భాగించి."

"కూర వండకుండానే ఉప్పు సరిపోయిందన్నావన్నమాట," అంది అక్క. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బావ లేచి చెప్పులు వేసుకున్నాడు. "పద, మిగతావాళ్ళకీ చెప్పొద్దాం."

"వద్దు బావా. మీవి దించుకోండి, చాలు. నా నోటినుంచి వచ్చిందని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది."

బావ అక్క వంక చూశాడు. అక్క నా వంక చూసింది. బావ చెప్పులు విప్పి మళ్ళీ కూర్చున్నాడు.

మర్నాడు నేను సెలవు పెట్టి వాళ్ళతో తెప్ప మీదికి వెళ్ళాను. తాళ్ళు కడుగుతున్నామని చెప్పి ఒక్కొక్కటే రెండు బారలు దించాం. పీతల బాబాయి తన తెప్ప మీంచి చూసి, "ముగ్గురే ఎంతసేపు లాగుతారర్రా," అంటూ వచ్చి సాయం పట్టాడు. మధ్యాహ్నం దాకా మాతోనే ఉన్నాడు.

చెప్పిన రోజుకే నది వచ్చింది. సముద్రం టీ రంగుకు తిరిగింది. నేను బావ వాళ్ళ పడవ తీసుకెళ్ళి తెప్ప పక్కన నీళ్ళు పట్టుకొచ్చి కొలిచాను. పైనీళ్ళలో ఉప్పు నాలుగు. రెండు బారల కింద ముప్పైఒకటి. పదకొండేళ్ళలో ఆ నెల గురించి నేను రాసిన మొదటి నిజం అది, అదీ ఒక పాత కవరు వెనకాల.

తొమ్మిది రోజులకు ముప్పైతొమ్మిది తెప్పల మీద ఆలుచిప్పలు నోళ్ళు తెరిచాయి. వీధుల్లో ముక్కు మూసుకోకుండా నడవలేకపోయాం. పెంపకందార్లంతా మా కేంద్రం హాలుకు వచ్చి కూర్చున్నారు. డైరెక్టరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వేదిక ఎక్కారు.

"నలభై తెప్పలూ ఒకే నీళ్ళలో ఉన్నాయి," అన్నారు. "ముప్పైతొమ్మిది పోయాయి, ఒకటి నిలిచింది. నీళ్ళే చెడ్డవైతే ఆ ఒక్కటి ఎలా నిలిచిందండీ? తేడా నీళ్ళలో లేదు, పెంపకంలో ఉంది. ఆ భార్యాభర్తల్ని చూసి నేర్చుకోండి." ముందు వరసలో ఉన్న అక్కాబావల వైపు చెయ్యి చాపి, చప్పట్లకోసం చూశారు.

మనసులో ఆయన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. చచ్చిన ఆలుచిప్పల మీద కూడా సిద్ధాంతాన్ని నిలబెట్టేశారు. ఆ ముక్క ఇంటికెళ్ళి ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూ ఉండగానే అక్క లేచింది.

"మా పెంపకం గొప్పేం లేదండీ. నది వస్తోంది, తాళ్ళు దించుకోమని మా చెల్లెలు నాలుగు రోజుల ముందే చెప్పింది. దించాం. అంతే."

డైరెక్టరుగారు నీళ్ళగ్లాసు అందుకున్నారు. ఆయన్ని ఎవరూ చూడలేదు. హాలంతా నావైపు తిరిగింది. వెనక వరసలోంచి పీతల బాబాయి లేచి నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"నీకు ముందే తెలుసా తల్లీ?"

"తెలుసు బాబాయ్."

"ఆ రోజు పొద్దుట్నుంచీ నీ పక్కనే ఉన్నానుగా."

డైరెక్టరుగారు సంతకం పెట్టలేదన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట అనడానికి మొహం చెల్లలేదు.

"భయమేసింది బాబాయ్. ఉద్యోగం పోతుందని."

బాబాయి కోప్పడలేదు. వేదిక వైపు ఒకసారి చూసి, మళ్ళీ నన్ను చూశాడు.

"పాపం, ఆయనకూ అదే అయ్యుంటుందిలే," అని, తువ్వాలు భుజాన వేసుకుని, చచ్చినవాటిని తాళ్ళ మీంచి గీక్కోవడానికి వెళ్ళిపోయాడు.