మిద్దె మీది బటను

అంగట్లో అడుగు పెట్టొద్దని పెదనాయన కరీం సాబ్ చెప్పినాడు. గుల్జార్ బీ పెట్టలేదు. ఇంత మాట వినే బిడ్డ ఆదోని మొత్తం ఎతికినా దొరకదని ఆమెకే అనిపించింది.

అంగడంటే గుల్జార్ వాళ్ల నాయన బడే సాబ్ ఫోటో స్టూడియో. సందుకు ఆపక్క స్టూడియో, ఈపక్క ఇల్లు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివొచ్చిన గుల్జార్ కొన్నాళ్లు ఆడ కూర్చొని ఫోటోలు తీసింది. పల్లెల నుంచి ఆడోళ్లు ఆమెనే ఎతుక్కుంటా వచ్చినారు. అదే తప్పయిపోయింది.

"మనింటి ఆడబిడ్డ బజార్లో కూర్చుంటే నేను నలుగుర్లో తల ఎట్లెత్తుకోవల్ల?" అని పెదనాయన గొంతు లేపినాడు. ఆయన తల దించింది ఎవరూ చూడలేదు, అది వేరే సంగతి. నాయన అంగడి తాళాలు అన్న చేతిలో పెట్టినాడు. స్టూడియో ఇంక పెదనాయన అల్లుడు, ఎమ్మిగనూరు మహమ్మద్ అలీ చూసుకుంటాడని తీర్మానమైపోయింది.

అలీ చెడ్డోడు కాదు. చీరల వ్యాపారం తెలిసినోడు. కెమెరాను కూడా పట్టుచీర మాదిరి రెండు చేతుల మీద పరుచుకొని పట్టుకుంటాడు.

పత్తికి మందులమ్మే కంపెనీవాళ్లు ఊర్లలో పురుగుల బొమ్మలు చూపించే స్లైడు ప్రొజెక్టరు ఒకటి పాతదయిందని నాయనకు అంటగట్టిపోయినారు. అది మూలపడి ఉన్నింది. గుల్జార్ దాన్ని ఇంటికి తెప్పించి బాగుచేసి, అంగట్లో తీసిన ఫోటోల స్లైడ్లు తానే దాంట్లో పేర్చింది. స్టూడియోలో పనిచేసే శేషప్పన్న, ఆమె చెప్పినట్లే, షోకేసు అద్దానికి లోపల పల్చటి కాగితం అతికించి, దాని వెనక ప్రొజెక్టరు పెట్టినాడు. దాన్నుంచి సన్నటి తీగ ఒకటి సందు మీదుగా ఇంటి మిద్దెకెక్కింది. తీగ చివర ఒక కాలింగ్ బెల్లు బటను. మిద్దె మీద ఒకసారి నొక్కితే, ఆడ అద్దంలో బొమ్మ మారతాది.

"ఏందే ఈ తీగ?" అనడిగింది అమ్మ కుల్సుంబీ.

"బట్టలారేసుకునేదానికి."

"ఇంత సన్నం తీగ మీదనా?"

"పల్చని బట్టలేమ్మా."

సాయంత్రం దీపాలు పెట్టేయాళకు షోకేసు ముందర జనం మూగేది. గుల్జార్ పిట్టగోడకానుకొని కింద ఎవరు నిలబడినారో చూసి, వాళ్లకు తగిన బొమ్మ వచ్చేవరకు నొక్కేది. కొత్తగా పెండ్లయిన జంట నిలబడితే జంట బొమ్మ. సంతకు వచ్చిన రైతులు నిలబడితే ఎద్దుల బొమ్మ.

"లోపల ఎవరో మనల్నే చూస్తాండారప్పా!" అన్నాడు తుగ్గలి నుంచి వచ్చిన ఎల్లప్ప, రెండడుగులు వెనక్కేసి. గుల్జార్ ఇంకోసారి నొక్కింది. ఆయన ఇంకో రెండడుగులు వేసినాడు.

సంగతి తెలిసి పెదనాయన మిద్దెక్కినాడు.

"అంగట్లోకి రావద్దని చెప్తి కదా?"

"రాలేదు కదా పెదనాయనా."

"నీ చెయ్యి వచ్చింది."

"నా చెయ్యి ఈడే ఉండాది, చూడు."

ఆయన చెయ్యి చూసినాడు, తీగ చూసినాడు, కింద జనాన్ని చూసినాడు. జనం ఆయనకూ నచ్చినారు. "శుక్రవారం నుంచి అల్లుడు అంగట్లో కూర్చుంటాడు. ఆ పొద్దు నా బొమ్మ పడల్ల. అల్లుడే పెడతాడు. తెల్లారి ఈ తీగ పీకేస్తాం" అని దిగిపోయినాడు.

అంటే ఆ కాస్త కూడా ఉండదన్నమాట. గుల్జార్ ఆ పూట అన్నం ముట్టలేదు.

శుక్రవారం సాయంత్రం వీధి నిండిపోయింది. పెదనాయన షేర్వానీ వేసుకొని అద్దం పక్కనే నిలబడినాడు. గుల్జార్ బటను నొక్కింది. అద్దంలో పెదనాయన తలకిందులుగా ప్రత్యక్షమైనాడు. అలీ లోపలికి ఉరికి స్లైడు తీసి మళ్లీ పెట్టినాడు. ఈసారి తల పైన ఉండాది, కాళ్లు కింద ఉండాయి. జనం చప్పట్లు కొట్టినారు.

ఎల్లప్ప ముందుకొచ్చి అద్దంలోకి వంగినాడు. "కరీం సాబన్నా, ఎడమ చేత్తో సలాం పెడతాండావేందప్పా?"

నిజమే. కాగితం వెనక నుంచి బొమ్మ వేస్తే స్లైడును వెనక్కి తిప్పి పెట్టల్ల. మామూలుగా పెడితే కుడి ఎడమవుతాది. అలీకి అది ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని మిద్దె మీద కూర్చోబెట్టినారు.

వీధంతా నవ్వు. "మార్చుమే!" అని కిందినుంచి అరిచినాడు పెదనాయన.

"మార్చితే చుట్టు తిరిగి మళ్లా అదే వస్తాది పెదనాయనా. సరిచెయ్యల్లంటే లోపల చెయ్యి పెట్టల్ల."

"అయితే వచ్చి పెట్టిపో!"

"పెట్టిపోయేదానికైతే రాను."

పెదనాయన షేర్వానీ బొత్తాలు సవరించినాడు. ఉండేదానికే రమ్మంటాడేమో అని గుల్జార్ కాసేపు చూసింది. ఈయన రమ్మనే వరకు ఆగితే నేను ముసిలిదాన్నయిపోతా అనుకునింది. బటను పిట్టగోడ మీద పెట్టి, దిగి, జనంలోంచి దోవ చేసుకుంటా సందు దాటి, అంగడి గడప దాటింది.

స్లైడు తిప్పి పెట్టింది. అద్దంలో పెదనాయన కుడి చేత్తో సలాం పెట్టినాడు.

"అయిపాయ కదా. ఇంక ఇంటికి నడువు" అన్నాడాయన, గుమ్మంలో నిలబడి.

"పోను."

అలీ స్టూలు మీద నుంచి లేచి పక్కకు జరిగినాడు. "కూర్చో గుల్జార్. ఈ పెట్టె చీర మాదిరి నాకు లొంగేది కాదు."

"నేను ఒప్పుకోలేదు!" అన్నాడు పెదనాయన.

"ఒప్పుకోవద్దులే పెదనాయనా. రేపు కూడా నువ్వు ఒప్పుకోకుండానే వస్తా."

పెదనాయన, పక్కనున్న తమ్ముడి వైపు తిరిగినాడు. బడే సాబ్ గొంతు సవరించుకొని, "శేషప్పా, లైట్లు వెయ్యి" అన్నాడు. అంతే అన్నాడు.

పెదనాయన అడ్డమున్నా, ఆయన చెయ్యి కింద నుంచి దూరి లోపలికొచ్చింది ఒక పెద్దామె. పేరు భీమక్క, హాలహర్వి కాడ పల్లె. "నాకొక బొమ్మ తియ్యి బిడ్డా. మొగోడు ముందర కూర్చుంటే నాకు నవ్వు రాదు."

"ఈ కుర్చీలో కూర్చో అవ్వా. కొంగు కొంచెం వెనక్కి. ఆ, పండ్లు కనపడేట్లు నవ్వు."